ఆరో తరగతి బాబు: రోజూ పొద్దున కడుపునొప్పి, ఊరికే కోపం. ఇది డిప్రెషనేనా?

సరిత_హన్మకొండ

నమస్తే అండీ అందరికీ. మా బాబుకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన దగ్గర్నుంచి మునుపటిలా లేడు. పొద్దున లేవగానే కడుపునొప్పి అంటాడు. బొడ్డు చుట్టూ చెయ్యి పెట్టి చూపిస్తాడు. బడికి పోకుండా ఎగ్గొట్టడానికేమో అనుకున్నాం గానీ ఆదివారం సాయంత్రం కూడా అదే నొప్పి. స్కానింగ్ తీయించాం, రక్తపరీక్షలు చేయించాం, నులిపురుగుల మందు వేశాం. అన్నీ నార్మల్ అన్నారు.

కోపం మాత్రం విపరీతంగా వస్తోంది. మొన్న చెల్లి వాడి జామెట్రీ బాక్స్ ముట్టుకుందని గోడకేసి కొట్టాడు. తర్వాత గంటసేపు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. సంక్రాంతికి కొనిపెట్టిన బ్యాటుకి గ్రిప్ ఊడితే వాడే కూర్చుని సైకిల్ ట్యూబు ముక్క చుట్టుకునేవాడు, అంత పిచ్చి క్రికెట్ అంటే. ఇప్పుడు పిల్లలు కింద గేటు దగ్గరికొచ్చి పిలిస్తే "లేడని చెప్పు మమ్మీ" అంటున్నాడు.

మా అత్తమ్మ దిష్టి తీసింది, దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. మావారు ఫోన్ ఎక్కువైందంటారు. మా ఆడపడుచు కూతురు నర్సింగ్ చదువుతోంది, "అత్తా, ఇది డిప్రెషన్ కావచ్చు, చూపించు" అంది. కానీ వీడు ఏడవడు. దిగులుగా ఉందని ఒక్కనాడూ అనలేదు. ఏడవని పిల్లాడికి డిప్రెషన్ ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వేణుగోపాల్_ఒంగోలు

అమ్మా, తప్పుగా అనుకోవద్దు. పదకొండేళ్ళ పిల్లాడికి డిప్రెషన్ ఏమిటి? అప్పులున్నాయా, ఉద్యోగం పోయిందా? ఫోన్ తీసి బీరువాలో పెట్టండి. సాయంత్రం గ్రౌండులో వదిలిపెట్టండి. మేం ఐదుగురం అన్నదమ్ములం, మా నాన్న దగ్గర బెల్టు దెబ్బలు తిని పెరిగాం, ఎవరికీ ఏమీ కాలేదు. ప్రతిదానికీ ఒక జబ్బు పేరు పెట్టి పిల్లల్ని పేషెంట్లను చేస్తున్నారనేది నా బాధ. నాకూ మనవలున్నారు, అందుకే చెబుతున్నా.

పిల్లల_డాక్టర్_ఖమ్మం

సరిత గారూ, మీరు రాసిన ఒక్కొక్కటీ నా ఓపీలో వారానికి కొన్నిసార్లైనా వింటాను. పేషెంటుని చూడకుండా ఇది ఫలానా అని చెప్పను గానీ, మీ ప్రశ్నకి జవాబు మాత్రం ఉంది. ఏడవకుండానే డిప్రెషన్ ఉండొచ్చు.

పెద్దవాళ్ళలో ఈ జబ్బు దిగులుగా కనబడుతుంది. పిల్లల్లో చాలాసార్లు చిరాకుగా కనబడుతుంది. ఇది నా అభిప్రాయం కాదు, సైకియాట్రిస్టులు జబ్బుని గుర్తించడానికి వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకంలోని ప్రమాణాల్లోనే పిల్లలకీ టీనేజర్లకీ దిగులు బదులు చిరాకు ఉన్నా లెక్కలోకి వస్తుందని రాసి ఉంది. దానితోపాటు ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, నిద్ర మారడం, తిండి మారడం, నీరసం, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, ఏకాగ్రత తగ్గడం, "నేను దేనికీ పనికిరాను" అనుకోవడం, చావు గురించిన ఆలోచనలు. మొత్తం తొమ్మిదింట్లో కనీసం ఐదు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలపాటు ఉండాలి. అందులో దిగులు లేదా చిరాకో, ఆసక్తి పోవడమో తప్పకుండా ఒకటి ఉండాలి. వాటివల్ల చదువో, ఆటో, ఇంట్లో వాళ్ళతో మెలగడమో దెబ్బతిని ఉండాలి.

తిండి విషయంలో పిల్లలకి ఇంకో తేడా ఉంది. బరువు తగ్గనక్కర్లేదు, వయసుకి పెరగాల్సినంత పెరగకపోయినా చాలు. అందుకే నేను తల్లిదండ్రుల్ని టీకాల కార్డు, పాత ప్రిస్క్రిప్షన్లు తెమ్మంటాను. వాటి మీద ప్రతిసారీ బరువు రాసి ఉంటుంది. నిరుడు 32 కిలోలుండి ఈ ఏడూ 32 కిలోలే ఉన్న పిల్లాడు "బాగానే తింటున్నాడండీ" అని అమ్మ చెప్పినా నన్ను ఆలోచనలో పడేస్తాడు.

కడుపునొప్పి సంగతి. పిల్లాడు నాటకాలాడుతున్నాడని ఇంట్లో అంటూంటారు. అబద్ధం కాదండీ, నొప్పి నిజంగానే వస్తుంది. పేగులకీ మెదడుకీ నరాల ద్వారా రాకపోకలుంటాయి, మనసులో ఒత్తిడి పెరిగితే కడుపు బిగుస్తుంది. ఎనిమిది, పదేళ్ళ పిల్లలకి "నాకు మనసు బాగాలేదు" అని చెప్పే మాటలింకా రావు. కడుపు, తల, కాళ్ళు నొప్పి అనే మాటలొచ్చు. వాటితోనే చెబుతారు.

ఇక శరీరంలోంచి వచ్చే కారణాలు ముందు చూసుకోవాలి. థైరాయిడ్ తక్కువున్నా, రక్తహీనత ఉన్నా, గురకపెట్టి నిద్ర సరిగా పట్టకపోయినా పిల్లలు ఇలాగే ఉంటారు. వాడే మందుల గురించి కూడా అడుగుతాం. మూర్ఛకిచ్చే లెవెటిరాసెటమ్‌తో కొందరు పిల్లలకి విపరీతమైన కోపం వస్తుంది. మీ బాబు ఏమైనా మందులు వాడుతున్నాడా? దసరా ముందు గానీ తర్వాత గానీ ఇంట్లో, బడిలో ఏదైనా మారిందా? క్రికెట్ మానేశాడన్న ఒక్క మాట మీ పోస్టులో నాకు అన్నిటికంటే ముఖ్యం. ఫోన్ చూసుకుంటూ ఆట మానేసిన పిల్లాడు ఫోన్‌లోనైనా సంతోషంగా ఉంటాడు. ఫోన్‌లోనూ ఏ వీడియో చూస్తున్నాడో తెలియకుండా పైకి తోసుకుంటూ పోతుంటే మాత్రం అది వేరే సంగతి.

సరిత_హన్మకొండ

డాక్టర్ గారూ, మీరు చివర రాసినట్టే చేస్తున్నాడు. చేతిలో ఫోన్ ఉంటుంది, దేనికీ నవ్వడు. మందులు ఏమీ లేవు.

మారింది అంటే, సెలవుల ముందు పరీక్షలయ్యాక వాళ్ళ బడిలో మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చారు. మావాడు ఏ నుంచి సీ కి వచ్చాడు. ఎల్‌కేజీ నుంచి పక్కన కూర్చున్న దోస్తు ఏ లోనే ఉన్నాడు. ఎండాకాలంలో మా మామయ్య పోయారు, రాత్రి ఆయన పక్కనే పడుకునేవాడు వీడు. అప్పుడు ఏడవలేదని అందరం గట్టివాడు అనుకున్నాం.

బడిపంతులు_పల్నాడు

జిల్లా పరిషత్ హైస్కూల్లో చెబుతున్నానమ్మా. తరగతి గదిలో నాకు కనబడేవి చెబుతాను, ఇంట్లో కనబడేవి వేరు.

మొదట చేతిరాత మారుతుంది. గుండ్రంగా రాసే పిల్ల అక్షరాలు గీత మీంచి జారిపోతూ రాస్తుంది, లెక్క సగంలో వదిలేస్తుంది. తప్పు చేస్తే దిద్దుకోదు. తర్వాత కూర్చునే చోటు మారుతుంది. రెండో బెంచీలో ఉండేవాడు గోడ పక్కకో వెనక్కో వెళ్ళిపోతాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర చూస్తే తెలిసిపోతుంది, గుడ్డు ఇచ్చిన రోజు కూడా పళ్ళెంలో పప్పన్నం కెలికి లేచేవాడిని ఒకసారి పక్కకి పిలవాల్సిందే. పేరు పిలిస్తే ఒక క్షణం ఆలస్యంగా "ప్రెజెంట్ సార్" అంటారు.

మాలో ఉన్న పెద్ద లోపం ఒకటి చెప్పాలి. అల్లరి చేసేవాడిని ఉపాధ్యాయులందరం గుర్తుపెట్టుకుంటాం. కదలకుండా కూర్చున్నవాడిని మంచి పిల్లాడంటాం. ఆ మంచి పిల్లల్లో ఎంతమంది లోపల కుంగిపోతున్నారో ఎవరూ లెక్కపెట్టరు. మా ఊళ్ళలో మిర్చి కోతలకి తల్లిదండ్రులు వలసపోతే నాయనమ్మ దగ్గర ఉండే పిల్లలుంటారు. వాళ్ళు గొడవ చేయరు కూడా, చేస్తే నాయనమ్మకి కష్టమని.

మీవాడితో మాట్లాడేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అనకండి. ఎవరూ చెప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడు, ముఖం చూడనక్కర్లేని చోట మాట్లాడితే చెబుతారు. "సీ సెక్షన్‌లోకి వచ్చాక కష్టంగా ఉందా" అని మీరే ముందు అనండి. అనుమతి ఇచ్చినట్టుంటుంది.

సెక్షన్ల సంగతి అంటారా, మార్కుల్ని బట్టి పిల్లల్ని వీలైనంతవరకు బ్యాచ్‌లుగా విడదీయొద్దని సుప్రీంకోర్టు 2025 జూలైలోనే చెప్పింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో ఇచ్చిన 15 మార్గదర్శకాల్లో ఇదొకటి. వందమందో అంతకంటే ఎక్కువో పిల్లలున్న విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నదీ అందులోనే ఉంది. ఆ తీర్పు కాగితం తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. గొడవపడక్కర్లేదు, అడగడం మీ హక్కు.

మౌనిక_ఎం

నేను పెద్దగా రాయను అనుకున్నా, సరిత గారి పోస్టు చదివాక ఆగలేకపోయా.

ఇంటర్ విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాను. పేరు వద్దు. పొద్దున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసేది. వీకెండ్ టెస్ట్ ర్యాంకులు మెస్ బయట నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళు. నాకు బాధ అనేది గుర్తులేదు, అది అందరికీ చెప్పాలని ఉంది. ఏమీ అనిపించేది కాదు. ఫిజిక్స్ పుస్తకంలో ఒకే లైను మీద కళ్ళు పెట్టుకుని గంట కూర్చునేదాన్ని. మెస్‌లో పెట్టిన పెరుగన్నం రుచి తెలిసేది కాదు. పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది, లేవాలంటే మాత్రం ఒళ్ళు కదిలేది కాదు.

ఆదివారం ఇంటికి ఫోన్ చేయనిచ్చేవాళ్ళు. వెనకాల అమ్మాయిలు క్యూలో ఉంటారు, పక్కన వార్డెన్ ఉంటుంది. అమ్మ "ఎట్లా ఉన్నావే" అంటే "బాగున్నా" అనేదాన్ని. నాన్న ఫోన్ తీసుకుని "ఈ వారం ఎంత" అనేవారు. ఆ క్యూలో నిలబడి "బాగాలేను" అని ఏ పిల్లా చెప్పదు. అందుకే హాస్టల్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఫోన్‌లో విన్నదాన్ని నమ్ముకోవద్దు. వెళ్ళి చూడండి.

కనిపెట్టింది మా పిన్ని. ఔటింగ్‌కి తీసుకెళ్ళినప్పుడు నా జడ విప్పితే అట్టకట్టి ఉంది. ఎన్నాళ్ళైందే తలంటుకుని అని అడిగింది, నాకు తెలియలేదు. ఆమె మార్కులు అడగలేదు, డాబాలో నాకు ఇష్టమైనది ఆర్డరిచ్చి నేను తినకపోతే తినమని బలవంతపెట్టలేదు. మర్నాడు గుంటూరులో సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. టీసీ తీసుకుని డే కాలేజీలో చేరా. కౌన్సెలింగ్, మందులు రెండూ నడిచాయి. నెమ్మదిగానే తగ్గింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నా. మా చుట్టాల్లో ఏ పిల్లనైనా హాస్టల్‌లో వేస్తే నేనే వెళ్ళి చూసొస్తా.

వేణుగోపాల్_ఒంగోలు

మౌనికమ్మా, నువ్వు బాగుపడ్డావు, సంతోషం. కానీ నా అనుమానం అలాగే ఉంది. మా కాలంలో ఇవి లేవు కదా? రెండోది, పసిపిల్లలకి ఈ నిద్రమాత్రలు పెడితే అలవాటైపోవా? మెదడు మొద్దుబారిపోతుందని చాలామంది అంటారు. డాక్టర్లు ఎవరైనా నిజం చెప్పండి.

సైకియాట్రి_విశాఖ

వేణుగోపాల్ గారూ, మీరు అడిగినవే మా ఓపీలో తాతయ్యలందరూ అడుగుతారు, అడగాలి కూడా.

మీ కాలంలో లేకపోవడం కాదండీ, డాక్టర్లే ఒప్పుకోలేదు. మనసు పూర్తిగా ఎదగని పిల్లలకి డిప్రెషన్ రావడం సాధ్యం కాదని చాలామంది పెద్ద పెద్ద మానసిక వైద్యులే నమ్మేవారు. 1971లో స్టాక్‌హోమ్‌లో యూరప్ పిల్లల మానసిక వైద్యులు సమావేశమై, పిల్లల్లో డిప్రెషన్ గణనీయంగా ఉందని తేల్చారు. 1980లో వచ్చిన డీఎస్‌ఎం-3 పెద్దవాళ్ళ ప్రమాణాలతోనే పిల్లల్లోనూ దీన్ని గుర్తించవచ్చని చెప్పింది. అంటే మీరు చదువుకునే రోజుల్లో కుంగిపోయిన పిల్లాడిని మొద్దు అన్నారు, సోమరి అన్నారు, గాలి సోకిందన్నారు. మన దేశంలో 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. డిప్రెషన్ వాటిలో ఒకటి.

అప్పులు, ఉద్యోగం లేని పిల్లాడికి ఎందుకొస్తుందంటే, కుటుంబంలో ఉన్న ధోరణి ఒక కారణం. పైన ఒక దెబ్బ పడుతుంది: ఆప్తులు పోవడం, స్నేహితుడు దూరం కావడం, బడిలో ఏడిపించడం, ఇంట్లో గొడవలు, కొట్టడం. కొందరికి పైకి కనబడే కారణమే ఉండదు. యుక్తవయసుకి ముందు మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఇంచుమించు సమానంగా వస్తుంది, ఆ తర్వాత ఆడపిల్లల్లో రెట్టింపు అవుతుంది.

మందుల సంగతి పూర్తిగా చెబుతాను, ఎందుకంటే సగం చెబితే భయమే మిగులుతుంది. ఇవి నిద్రమాత్రలు కావు. తేలికపాటి డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టం, మాటల చికిత్సతో మొదలుపెడతాం. మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే మందు ఆలోచిస్తాం. ఎక్కువ పరిశోధన జరిగింది ఫ్లూక్సెటిన్ మీద. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల డిప్రెషన్‌కి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో అనుమతిచ్చింది. ఆ మరుసటి ఏడాది 2004లో, ఈ కోవ మందులన్నిటి మీదా పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ముద్రించమంది. 24 అధ్యయనాలను, 4,400 మందికి పైగా పిల్లలను కలిపి చూస్తే, మందు వేసుకున్నవాళ్ళలో నూటికి నలుగురిలో, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి ఇద్దరిలో అలాంటి ఆలోచనలో ప్రవర్తనో కనబడింది. ఆ అధ్యయనాల్లో ఒక్క మరణం కూడా లేదు. అందుకే మొదటి కొన్ని వారాలు దగ్గర దగ్గరగా రమ్మంటాం, ఇంట్లో కనిపెట్టుకుని ఉండమంటాం.

మరి లాభం ఎంత? టీనేజర్ల డిప్రెషన్ చికిత్స మీద 2004లో వెలువడ్డ టాడ్స్ అనే అధ్యయనంలో 12 నుంచి 17 ఏళ్ళ వాళ్ళు 439 మందిని నాలుగు గుంపులు చేశారు. పన్నెండు వారాలకి ఫ్లూక్సెటిన్, సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) రెండూ అందినవాళ్ళలో 71 శాతం బాగా తేరుకున్నారు. ఒట్టి మందుతో 61 శాతం, ఒట్టి సీబీటీతో 43, ఉత్తుత్తి మాత్రతో 35. నా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. రెండూ కలిస్తేనే మేలు.

వ్యసనంలా అలవాటు కావు. ఎప్పటికప్పుడు మోతాదు పెంచాలనిపించడం ఉండదు. కానీ తగ్గింది కదా అని మీరే ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, జబ్బు తిరగబెడుతుంది. నెమ్మదిగా మేం తగ్గిస్తాం. ఇంకొకటి, మీ వంశంలో ఎవరికైనా నిద్ర లేకుండా అతిగా మాట్లాడడం, డబ్బు వెదజల్లడం వంటి ఉన్మాద దశ వచ్చిందా అని తప్పకుండా అడుగుతాం. బైపోలార్ (కుంగుబాటు, ఉన్మాదం మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉండే అవకాశముంటే ఈ మందు జాగ్రత్తగా వాడాలి. ఇంటి గుట్టు అని దాచకండి.

సీబీటీ అంటే ఉపన్యాసం కాదు. పదేళ్ళ పిల్లాడితో ఎలా ఉంటుందో చెబుతాను. "నాతో ఎవరూ ఆడరు" అంటాడు. వాదించం. ఒక కాగితం మీద ఈ వారం ఎవరెవరు పలకరించారో రాయమంటాం. వాడు రాసిన ముగ్గురి పేర్లు చూసి వాడే ఆశ్చర్యపోతాడు. తర్వాతి వారానికి చిన్న పని, ఆ ముగ్గురిలో ఒకరిని వాడే ముందు పలకరించడం. ఆట మీద ఇష్టం వచ్చాక ఆడటం కాదు, పది నిమిషాలు ఆడితే ఇష్టం మెల్లగా వెనక్కి వస్తుంది. అందుకని వేణుగోపాల్ గారు చెప్పిన గ్రౌండు మాటలో నిజముంది. అయితే ఒక్కణ్ణే గ్రౌండులో వదిలిపెడితే కుదరదు, పక్కన ఎవరో ఒకరు ఉండి మొదలుపెట్టించాలి.

పద్మ_రాజమండ్రి

మేడమ్, అడగొచ్చో లేదో తెలియదు. మా పాపకి తొమ్మిదేళ్ళు. నిన్న రాత్రి అన్నం తింటూ "నేను చచ్చిపోతే మీ అందరికీ హాయి" అంది. కోపంలో అందిలే అని వదిలేయాలా? దాని గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది.

సైకియాట్రి_విశాఖ

పద్మ గారూ, ఈ రాత్రే అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, ఇది పరిశోధనల్లో మళ్ళీ మళ్ళీ తేలిన విషయం. అడగడంవల్ల పిల్ల బరువు దిగుతుంది. దగ్గర పడుకోబెట్టుకుని, గొంతు మామూలుగా ఉంచి, "నిన్న చచ్చిపోతే హాయి అన్నావు కదా, నిజంగా అలా అనిపిస్తోందా? ఎప్పుడెప్పుడు అనిపిస్తుంది? ఏదైనా చేసుకోవాలనిపించిందా?" అని అడగండి. "అలాంటి మాటలు అనకూడదు", "మేం ఏం తక్కువ చేశాం" అనొద్దు, వెంటనే నోరు మూసుకుంటుంది. విని, "చెప్పావు, మంచిపని చేశావు, ఇద్దరం కలిసి చూసుకుందాం" అనండి.

చేసుకోవాలనిపించింది అంటే ఒంటరిగా వదలకండి, రాత్రైనా సరే దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. పోలీసు కేసు అవుతుందని ఆగొద్దు. లేదు అన్నా ఈ వారంలో డాక్టరుకి చూపించండి. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పొలం ఉంటే పురుగుమందు డబ్బాలు, ఇవాళే తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఆ క్షణం దాటిపోయేలా చూస్తే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

నిర్వాహకులు

ఈ చర్చ చదువుతున్న ఎవరికైనా ఇప్పుడే సాయం కావాలంటే టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు తామే చేయాలంటే చైల్డ్‌లైన్ 1098 కూడా ఉంది. పద్మ గారూ, మీకు విడిగా సందేశం పంపాం, చూడండి.

కిరణ్_న్యూజెర్సీ

ఇక్కడ పన్నెండేళ్ళు దాటిన పిల్లలకి ఏటా జరిగే చెకప్‌లో డాక్టరు ఒక ప్రశ్నల కాగితం ఇస్తారు. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళందరినీ డిప్రెషన్ కోసం పరీక్షించాలని ఇక్కడి నిపుణుల సంఘం 2022లోనూ సిఫారసు చేసింది. మా అమ్మాయి కాగితం తనే నింపింది, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. మేం "ఏ సమస్యా లేదు" అని చెప్పిన పిల్ల "చాలా రోజులు నిద్ర పట్టడం లేదు, నేను ఫెయిల్యూర్ అనిపిస్తోంది" దగ్గర టిక్కు పెట్టింది. స్ట్రెయిట్ ఏ గ్రేడ్లు వస్తున్న పిల్ల! మార్కులు బాగుంటే పిల్ల బాగున్నట్టే అన్న లెక్క మన తెలుగిళ్ళల్లో ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది. మార్కులు పడిపోవడం చాలామందిలో ఆలస్యంగా కనబడే లక్షణం, కొందరిలో అసలు కనబడదు.

సరిత_హన్మకొండ

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. బాబుని ఇక్కడ మెడికల్ కాలేజీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో చూపించాం. మావారు కూడా వచ్చారు. డాక్టర్ ముందు వాడితో ఒక్కడితో మాట్లాడారు, తర్వాత మాతో. మధ్యస్థం కంటే కాస్త తక్కువ స్థాయి డిప్రెషన్ అన్నారు, థైరాయిడ్ పరీక్ష రాశారు, మందులు ఇప్పుడే వద్దు, వారం వారం కౌన్సెలింగ్‌కి రమ్మన్నారు. తాతయ్య చివరి రోజు ఆసుపత్రికి రానివ్వలేదని వాడి మనసులో ఉందట. మాకెవరికీ తెలియదు. బడిలో క్లాస్ టీచర్ మంచిగా విన్నారు, ప్రిన్సిపాల్‌తో మాట్లాడాలి ఇంకా.

వేణుగోపాల్_ఒంగోలు

మంచిపని చేశారమ్మా. అందరి మాటా విన్నాను, మందులు ఆఖరికే అన్న నా మాట మీద ఉన్నాను గానీ చూపించడం తప్పు కాదని ఒప్పుకుంటాను. మా మనవడు హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉన్నాడు. ఆదివారం బస్సుకి వెళ్తున్నా.

అనిత_నెల్లూరు

పిల్లల డాక్టరు గారూ, మందులవల్ల కూడా రావొచ్చన్నారు కదా. మా బాబుకి ఆయాసానికి రాత్రిపూట మాంటెలుకాస్ట్ సిరప్ చాలాకాలంగా వాడుతున్నాం. ఈమధ్య నిద్రలో కేకలు, పగలు మొండితనం. సంబంధం ఉంటుందా?

పిల్లల_డాక్టర్_ఖమ్మం

ఉండొచ్చు అనిత గారూ, అడిగి మంచిపని చేశారు. మన దగ్గర జలుబుకి, దగ్గుకి కూడా నెలల తరబడి రాసేస్తున్న మందు అది. పీడకలలు, చిరాకు, డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని 2020 మార్చిలో ఎఫ్‌డీఏ దాని మీద అత్యున్నత స్థాయి హెచ్చరిక పెట్టించింది. అందరికీ రావు. మీ డాక్టరుకి ఫోన్ చేసి ఈ లక్షణాలు చెప్పండి, ఆపాలో మార్చాలో ఆయన చెబుతారు. ఇన్‌హేలర్ వాడుతుంటే దాన్ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఆయాసం ముంచుకొస్తుంది.

పద్మ_రాజమండ్రి

పాపతో మాట్లాడాను మేడమ్. చేసుకోవాలని లేదట, కానీ "నువ్వు ఎప్పుడూ పడుకునే ఉంటావు, నేనంటే ఇష్టం లేదు" అంది. బాబు పుట్టిన దగ్గర్నుంచి నాకే ఒంట్లో సత్తువ లేదు, ఏడుపొస్తుంది. పాపకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

సైకియాట్రి_విశాఖ

అదే రోజు మీకూ తీసుకోండి పద్మ గారూ. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మంచి వైద్యం ఉంది, పాలిస్తున్న తల్లులకీ వాడగలిగే మందులున్నాయి. డిప్రెషన్‌తో ఉన్న తల్లులకి చికిత్స చేసి వాళ్ళ పిల్లల్ని గమనించిన అధ్యయనం ఒకటి 2006లో అమెరికాలో వచ్చింది. తల్లి తేరుకున్న ఇళ్ళల్లో పిల్లల లక్షణాలూ తగ్గాయి, తల్లి తేరుకోని ఇళ్ళల్లో పెరిగాయి. మీ వైద్యం పాప వైద్యంలో భాగమే. బాబుని చూసుకోవడానికి ఆ పూట మీ అమ్మగారినో అత్తగారినో పిలిపించుకోండి.

శ్రీలత_కర్నూలు

ఎక్కడికెళ్ళాలో కూడా ఎవరైనా రాయండి. ఇంకోటి, ఆడపిల్లకి సైకియాట్రిస్ట్ దగ్గర ఫైలు ఉందంటే రేపు సంబంధాలకి అడ్డం రాదా? మా ఇంట్లో పెద్దవాళ్ళు దీనికే ఆపుతున్నారు. బడికి తెలిస్తే ఏమంటారో అని కూడా.

సైకియాట్రి_విశాఖ

ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనూ సైకియాట్రీ ఓపీ ఉంటుంది, మీకు కర్నూలు జనరల్ ఆసుపత్రే దగ్గర. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, మా విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. క్లిష్టమైన కేసులకి బెంగళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లలకీ కౌమారులకీ విడిగా విభాగం ఉంది, కర్నూలు నుంచి రైలు సౌకర్యమూ ఉంది. ఎటూ తేలకపోతే ముందు 14416 కి ఫోన్ చేసి దగ్గర్లో ఏముందో అడగండి.

ఫైలు భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం వైద్యానికి సంబంధించిన వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు పేషెంటుది. చట్టం చెప్పిన కొద్దిపాటి మినహాయింపులు తప్ప మేం బయటివాళ్ళెవరికీ ఇవ్వం. బడికి మీరు చెబితేనే తెలుస్తుంది. పరీక్షలకి సెలవు కావాలంటే "వైద్య విశ్రాంతి" అని సర్టిఫికెట్ ఇస్తాం, జబ్బు పేరు రాయమని బడి పట్టుబడితే మాకు ఫోన్ చేయించండి. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆరోగ్య బీమా సంస్థలు శరీర జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి, పాలసీ ఉంటే కాగితాలు తీసి చూసుకోండి.

ఇక సంబంధాల మాట పెద్దవాళ్ళతో నన్ను మాట్లాడనివ్వండి, ఓపీకి వాళ్ళనీ వెంటబెట్టుకు రండి. వైద్యం లేకుండా వదిలేసిన డిప్రెషన్ నెలల తరబడి ఉంటుంది, తిరిగి తిరిగి వస్తుంది, చదువు పోతుంది. పదమూడేళ్ళకి తగ్గిపోయిన జబ్బు ఇరవై నాలుగేళ్ళ పెళ్ళికి అడ్డం కాదు. ప్రిస్క్రిప్షన్లు మాత్రం పారేయకండి, ఎప్పుడైనా డాక్టరు మారితే ఏ మందు ఎంత మోతాదులో ఎన్నాళ్ళు వాడారో ముందుగా అడిగేది అదే.